ముందుకి తొయ్యాలా, వెనక్కి లాగాలా

"నాకు జుట్టు పనేమీ లేదు. ఊరికే కూర్చుంటాను," అంటూ అమ్మ నా షాపులో ఖాళీగా ఉన్న డ్రయ్యర్ కింద కుర్చీలో కూలబడింది.

"ఎంతసేపమ్మా?"

"ఆ కారు తుప్పు పట్టేదాకా."

ఈ కాలపు కార్లు అంత తొందరగా తుప్పు పట్టవు. అమ్మ కాళ్ల దగ్గర పచ్చి అక్రోటు కాయలు నిండిన గోనెసంచి, ఒళ్లో చేసంచీ ఉన్నాయి. ఆ చేసంచీని రెండు చేతులతో పట్టుకుందంటే పెద్ద గొడవే పెట్టుకుని వచ్చిందని లెక్క. మామూలు గొడవలకి ఒక చెయ్యి చాలు.

పక్క కుర్చీలో జుట్టుకి రంగు పట్టించుకుని కూర్చున్న అర్జియా గారు చేతిలో పత్రిక దించారు. మా ఊళ్లో ఏ సంగతైనా ఆవిడ చెవిన పడ్డాకే చర్చి గంటకి తెలుస్తుంది.

"బస్సులో వచ్చావా నివెస్? ఎర్మెస్ ఏడీ?"

"ఆయనకేం, ఇద్దరు తోడున్నారు. ఈ పక్కొకతి, ఆ పక్కొకతి."

అర్జియా గారి కళ్లు మెరిశాయి. రంగు చెంపల మీదికి కారుతున్నా పట్టించుకోకుండా ముందుకి వంగారు.

"స్టీరింగ్ వెనకుండే పాడిల్స్ గురించి చెప్తోందండీ," అన్నాను నేను. "గేర్లు మార్చే రెక్కలు. ఇంకేం లేదు."

"అంతేనా," అని ఆవిడ పత్రిక మళ్లీ ఎత్తారు గానీ పేజీ తిప్పలేదు.

అంతే అయితే బాగానే ఉండును. నాన్న ఎడమ మోకాలు చూసి డాక్టరు ఇక క్లచ్ తొక్కడానికి వీల్లేదన్నాక పాత పచ్చ కారు అమ్మేసి, ఈ రెండు క్లచ్‌ల కారు తెచ్చారు. రెండు క్లచ్‌లున్నాయి గానీ కాలి కింద తొక్కేది ఒక్కటీ లేదు. తోలేవాళ్ల కుడి చేతి పక్కన గేర్ రాడ్ ఉంది, పేరుకి. ముందు ప్లస్, వెనక మైనస్, బొటనవేలంత ఊగుతుంది. ఇవి కాక స్టీరింగ్ వెనక చెవుల్లాంటి రెండు రెక్కలు, కుడిది నొక్కితే గేరు పెరుగుతుంది, ఎడమది నొక్కితే తగ్గుతుంది. ఆ కారు ఇంటికొచ్చిన మర్నాటి నుంచి అమ్మ వెనక సీట్లోకి మారింది. ముందు సీటు ఖాళీగా పెట్టుకుని నాన్న, వెనక చేసంచీతో అమ్మ, ఊళ్లో టాక్సీ తోలుతున్నట్టు తిరిగారు.

"ఇవాళేమైంది?" అన్నాను.

"కొండ రోడ్డు మూడో మలుపు దగ్గర ఇంజను గుక్కపట్టి ఏడుస్తోంది. మార్చు అన్నాను. మార్చడు. మార్చవయ్యా అన్నాను. ఊహూఁ. ఆపు, దిగిపోతాను అన్నాను. దానికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. సంచీతో ఆయన సీటు మీద రెండు తగిలిస్తే అప్పుడు ఆపాడు."

"ఆపి?"

"'ఏం నివెస్, కడుపులో తిప్పుతోందా?' అన్నాడు."

అర్జియా గారు పత్రిక వెనకాల నవ్వారు. నేను అద్దం వైపు తిరిగి నవ్వాను. అద్దంలో అమ్మకి కనిపించాను.

"నవ్వండి. ఆ కారొచ్చిన దగ్గర్నుంచీ నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్క ముక్కకి బదులిస్తే ఒట్టు. గోడతో మాట్లాడితే గోడైనా ప్రతిధ్వని ఇస్తుంది."

ఫోను మోగింది. నాన్న. ఆయన ఫోనులో మాట్లాడితే ఫోను లేకపోయినా వినపడుతుంది.

"మొరేనా, మీ అమ్మ నీ దగ్గరికొచ్చిందా?"

"వచ్చింది నాన్నా. ఇక్కడే ఉంది."

"అలాగా. సరే, వస్తే నాకు చెప్పు," అని పెట్టేశాడు.

నేను ఫోను వంక చూశాను. పంతానికి పోయి అలా అన్నాడనుకున్నాను. మా ఇంట్లో పంతానికి కొదవ లేదు కాబట్టి ఆ మాట అక్కడితో వదిలేశాను.

*

సాయంత్రం షాపు మూసి, నాన్నని భోజనానికి పిలుద్దామని కాఫీ బార్‌కి వెళ్లాను. అనుకున్నట్టే అక్కడున్నాడు. ఎదురుగా లెయార్కో బాబాయ్. ఇద్దరూ గేర్‌బాక్సుల ఫ్యాక్టరీలో కలిసి పనిచేశారు. బాబాయ్ కొత్త గేర్‌బాక్సులు కారులో పెట్టి కొండ మీదికి తోలి చూసేవాడు. నాన్న లోపల బెంచీ దగ్గర నిలబడి, తిరుగుతున్న గేర్‌బాక్సుని విని, ఏ చక్రంలో ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. అందుకే ఊళ్లో ఆయన పేరు 'చెవి'. చెవి ఎర్మెస్ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది, ఇంటి పేరు పోస్టుమాన్‌కి తప్ప గుర్తులేదు.

"చేతులు చక్రం మీంచి తియ్యక్కర్లేదు, అదీ సుఖం," అంటున్నాడు నాన్న. "వేలు కదిపితే గేరు పడుతుంది. నీ గేర్ రాడ్ కోసం చెయ్యి దించి, వెతికి, పట్టుకుని, అప్పటికి మలుపు దాటిపోతుంది."

"మన కొండ మీద ఎన్ని మలుపులున్నాయి? చక్రం సగం తిప్పేసరికి నీ పాడిల్స్ కూడా దాంతోపాటే తిరుగుతాయి. కుడిది ఎడమకొస్తుంది, ఎడమది కుడికొస్తుంది. పెంచబోయి తగ్గిస్తావు. గేర్ రాడ్ పెళ్లాం లాంటిదయ్యా. చక్రం ఎటు తిరిగినా అది పెట్టిన చోటే ఉంటుంది."

"ఎర్మెస్ వాళ్లావిడ బస్సెక్కిందిగా మరి," అన్నారెవరో వెనక నుంచి.

బార్ అంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, కాకపోతే అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా, అందరి మొహాలూ చూశాక. వాళ్లావిడ మీద వేసిన జోకుకి అంత హాయిగా నవ్వే మనిషి కాదాయన.

"అసలు ఆ రాడ్‌లో కూడా తిరకాసే," అన్నాడు బాబాయ్, నవ్వులు తగ్గాక. "ప్లస్ ముందు పెట్టారు. బండి ఊపందుకుంటే ఒళ్లు వెనక్కి పోతుందా, ముందుకి పోతుందా? వెనక్కి పోతుంది. చెయ్యీ వెనక్కే లాగాలి. మా టెస్టు కార్లన్నిట్లో లాగితేనే పెరిగేది."

"గేర్లు కారే మార్చుకునే పద్ధతిలో పెట్టేసుకుంటే ఏ గొడవా లేదు కదా," అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు.

"అది ముసలాళ్లకమ్మా," అన్నాడు నాన్న.

అప్పుడే కౌంటర్ వెనక కాఫీ మిషను ఆవిరి వదిలింది. ఆ బుసలో లెయార్కో బాబాయ్ కుర్చీ ముందుకి జరుపుకుని అన్నాడు. "అయితే ఆదివారం కొండ మీద మేరీమాత గుడి పండగకి అందరూ వస్తారు. నువ్వు టోపీ పరీక్ష ఇవ్వు. స్టీరింగ్ వెనక అద్దంలో అంకెలు కనపడకుండా నా టోపీ తగిలిస్తాను. చెవితో విని పాడిల్స్‌తో మార్చుకుంటూ పైకి రా. ఇంజను ఒక్కసారి కూడా గోల చెయ్యకుండా వస్తే పాడిల్స్ గొప్పవని నేను ఒప్పుకుంటాను, అందరికీ న్యోక్కో రొట్టెలు వేయించి పెడతాను. గోల చేస్తే నువ్వు పెట్టు."

"అలాగే, అలాగే," అన్నాడు నాన్న తల ఊపుతూ.

అందరూ బల్లలు చరిచారు. టోపీ పరీక్ష మా ఫ్యాక్టరీ వాళ్లకి పెళ్లి కంటే పెద్ద తంతు. కొత్తగా చేరినవాళ్లని కారులో కూర్చోబెట్టి, పెద్దాయనెవరో తన టోపీ తీసి ముల్లు మీద తగిలించేవాడు. ఇంజను వేగం కళ్లకి కనపడదు, చెవులే దిక్కు. నాన్న కుర్రతనంలో ఆ పరీక్ష నెగ్గిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంటికి నడుస్తుంటే నాన్న హుషారుగానే ఉన్నాడు.

"మీ అమ్మ ఏమంటోంది?"

"నువ్వు మాట్లాడటం లేదంటోంది."

"నేనా?" నాన్న ఆగిపోయాడు. "కారొచ్చిన రోజు నుంచీ వెనక సీట్లో మూతి ముడుచుకుని కూర్చునేది ఎవరు? పలకరిస్తే పలకదు. నోరు విప్పదు. నేను ఒక్కణ్ణే పాటలు పాడుకుంటూ తోలుతున్నాను."

ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారనుకున్నాను. ఎవరన్నది తేలలేదు.

"అది సరే గానీ, ఆదివారం లెయార్కో ఎన్నింటికి రమ్మన్నాడు?" అన్నాడు నాన్న. "పండగ భోజనానికేగా?"

"భోజనం తర్వాత. ముందు టోపీ పరీక్ష కదా."

"ఎవరికి?"

"నీకే. ఇప్పుడే అందరి ముందూ ఒప్పుకున్నావు. అలాగే అలాగే అని తల కూడా ఊపావు."

నాన్న నా మొహంలోకి చూశాడు. నేను ఆట పట్టిస్తున్నానేమోనని వెతుక్కున్నాడు. తర్వాత రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఇంటిదాకా మళ్లీ పాట పాడలేదు. భోజనానికి లోపలికి రమ్మంటే, ఆకలి లేదని గుమ్మం నుంచే వెనక్కి తిరిగాడు. మా నాన్నకి ఆకలి లేకపోవడం నా ఎరుకలో అదే మొదలు.

*

అమ్మ నా వంటింట్లో అక్రోటు కాయలు నాలుగు ముక్కలుగా కోస్తోంది. సాన్ జొవాన్నీ పండగనాడు కోసిన పచ్చికాయలు సారాయిలో నానబెడితేనే నోచీనో కుదురుతుంది. ఆ రసం అంటితే చేతులు నల్లబడతాయి, సబ్బుకి లొంగవు, రెండు వారాలు ఊరంతా ఆడవాళ్ల చేతులు బొగ్గుల కొట్లో పనిచేసినట్టుంటాయి. అమ్మ వేళ్లు అప్పటికే నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"నాన్నకి చెవులు వినపడటం లేదా అమ్మా?" అన్నాను, ఏ ముందుమాటా లేకుండా.

కత్తి ఆగింది. మళ్లీ కదిలింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పు."

అమ్మ కోసిన ముక్కల్ని సీసాలో వేసి, మూత పెట్టకుండానే మాట్లాడింది.

"పెళ్లయిన వారానికి మీ నాన్న చెర్రీ చెట్టు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. సముద్రానికి వెళ్దామని సరదాపడ్డాం కదా, ఎలా? ఆయన స్టీరింగు, కాళ్లు. నేను గేర్ రాడ్. క్లచ్ తొక్కి 'ఊఁ' అనేవాడు. నేను మార్చేదాన్ని. చెయ్యి నయమైంది గానీ ఆ అలవాటు పోలేదు. ఆయన 'ఊఁ' అంటాడు, నేను మారుస్తాను. నువ్వు పుట్టావు, వెనక సీట్లో కూర్చుని నువ్వు కూడా ఊఁ అనేదానివి."

"గుర్తుంది."

"తర్వాత తర్వాత, ఆయన 'ఊఁ' ఆలస్యమవడం మొదలైంది. ఇంజను అడుగుతోంది, ఈయన అనడు. ఇక ఉండబట్టలేక నేను రాడ్ మీద చెయ్యి బిగించేదాన్ని. అది చూసి క్లచ్ తొక్కి 'ఊఁ' అనేవాడు. ముందు ఆయన ఊఁ, తర్వాత నా చెయ్యి. అది కాస్తా తిరగబడింది. ముందు నా చెయ్యి, తర్వాత ఆయన ఊఁ. తిరగబడ్డట్టు ఆయనకి తెలీదు. నాకు తెలుసు."

"ఆయనకి చెప్పలేదా?"

"చెవి ఎర్మెస్‌కి చెవులు వినపడవని ఎవరు చెప్తారే? నువ్వు చెప్తావా?"

నేను చెప్పను. ఊళ్లో ఎవరికైనా కారులో వింత చప్పుడొస్తే ఇప్పటికీ మెకానిక్ కంటే ముందు మా ఇంటి ముందు ఆపుతారు. నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటాడు. విని కాదు, చేతికి తగిలిన అదురుని బట్టి చెప్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

"మరి ఇంత తెలిసి, ఆయన్నొక్కణ్ణీ వదిలేసి వచ్చేశావే."

అమ్మకి కోపమొచ్చింది. కత్తి బల్ల మీద పెట్టింది.

"ఆ కారొచ్చిన రోజు నేనూ ముందే కూర్చున్నాను. నా చెయ్యి నా చోటికెళ్లింది. ఒకటి నుంచి రెండుకి వెనక్కి లాగాలి కదా, లాగాను. దాంట్లో లాగితే తగ్గుతుందట. కారు గాండ్రించింది, కోడిగుడ్లు డజనూ కింద పడ్డాయి. మీ నాన్న ఏమన్నాడో తెలుసా? నవ్వి, నా చెయ్యి తీసి నా ఒళ్లో పెట్టి, 'ఇక నీ చేత్తో పని లేదు నివెస్, హాయిగా కూర్చో' అన్నాడు."

"ప్రేమగానే అన్నాడేమోనమ్మా."

"ప్రేమగానే అన్నాడు. అందుకే వెనక సీట్లో హాయిగా కూర్చున్నాను." అమ్మ నల్ల చేతుల్ని తువ్వాలుకి తుడుచుకుంది. అవి తుడిస్తే పోయేవి కావు. "రెండు క్లచ్‌లట. ఒక గేరులో నడుస్తుండగానే రెండోది పెట్టుకుని సిద్ధంగా కూర్చుంటుందట. ఇన్నేళ్లూ నేను చేసింది అదేగా."

ఆదివారం సంగతి చెప్పాను. టోపీ, పాడిల్స్, ఊరందరి ముందూ నాన్న అలాగే అలాగే అనడం. అమ్మ మొహం మారింది. ఇప్పుడైనా లేచి ఇంటికెళ్తుందనుకున్నాను.

"వెళ్లవా?"

"ఊరికి చెప్పమనట్లేదు. నాకు చెప్పమను. ఒక్కసారి. 'నివెస్, నాకు వినపడటం లేదు' అని. అప్పుడెళ్తాను," అని మళ్లీ కత్తి తీసుకుంది.

ఆ వారమంతా అమ్మ మా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నాలు, నాన్న బార్‌లో పేకాడే వేళకి మాత్రం, చర్చికి అని చెప్పి బయటికెళ్లేది. మా అమ్మకి అంత భక్తి ఎప్పుడూ లేదు. అడిగితే చేసంచీని రెండు చేతులతో పట్టుకుంది. నేను మళ్లీ అడగలేదు.

*

ఆదివారం కొండ కింద ఫౌంటెన్ దగ్గర ఊరంతా చేరింది. ముసలాళ్లు మలుపు మలుపుకీ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, చూడటానికి కాదు, వినడానికి. మా వైపు జనానికి ఇంజను వినడమంటే మరోచోట పాట కచేరీ వినడం. అర్జియా గారు కొత్త రంగు జుట్టుతో మొదటి మలుపు దగ్గరే చోటు పట్టారు.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు పక్కన నిలబడ్డాడు. మొహం చొక్కా కంటే తెల్లగా ఉంది. లెయార్కో బాబాయ్ తన టోపీ తీసి, స్టీరింగ్ వెనక అంకెలు వెలిగే అద్దం మీద బోర్లించి, జారకుండా రబ్బరు బ్యాండ్ కూడా వేశాడు.

"నేను పైన గుడి దగ్గరుంటాను. అక్కణ్ణుంచి అన్నీ వినపడతాయి," అన్నాడు. "మొరేనా వెనక సీట్లో సాక్షి. దొంగచూపులు చూస్తే చెప్పాలి."

"పక్క సీట్లో ఎవరైనా కూర్చోవచ్చా?"

ఆ గొంతు విని అందరూ తిరిగారు. అమ్మ చర్చికెళ్లే బట్టల్లో, చేసంచీతో వస్తోంది. నాన్న ఒక్కడే తిరగలేదు. అందరూ ఎటు చూస్తున్నారో చూసి, అప్పుడు తిరిగాడు.

"పెళ్లాం కూర్చోవచ్చు," అన్నాడు బాబాయ్. "పెళ్లాం పక్కనుంటే ఇంకా కష్టం కదా."

అమ్మ ముందు తలుపు తీసుకుని కూర్చుంది. నేను వెనకెక్కాను. వంగి చూద్దును కదా, లేత గోధుమరంగు గేర్ రాడ్ పిడి మీద నాలుగు నల్లటి వేలిముద్రలు. అక్రోటు రసం. ముందు వైపు ఒక పొర, వెనక వైపు ఒక పొర, మీద మీద పడ్డవి. అమ్మ మధ్యాహ్నాల భక్తి ఎటు పోయిందో అప్పుడు తెలిసింది. ఇంటి తాళంచెవి ఆవిడ చేసంచీలోనే ఉంటుంది, గరాజ్ తాళంచెవి పిండిడబ్బా వెనకే ఉంటుందని ఆవిడకి తెలియనిదా. నాన్న కారు రోజూ తుడిచే మనిషి. ఆ ముద్రల్ని మాత్రం తుడవలేదు.

నాన్న ఆమె వైపు చూడకుండా అన్నాడు. "ఇందులో పెరగాలంటే ముందుకి తొయ్యాలి."

"తెలుసు," అంది అమ్మ.

కారు కదిలింది. నాన్న వేళ్లు పాడిల్స్ మీదే ఉన్నాయి గానీ కదల్లేదు. ఇంజను గొంతు పెరుగుతూ వచ్చి, ఇక చాలు అనే చోటికి రాగానే అమ్మ నల్ల చెయ్యి రాడ్‌ని ముందుకి తోసింది. కారు మెత్తగా రెండో గేరులోకి జారింది. "ఊఁ," అన్నాడు నాన్న, తర్వాత. మళ్లీ తోసింది, మూడు. "ఊఁ." మొదటి మలుపు ముందు రెండుసార్లు వెనక్కి లాగింది. చక్రం సగం తిరిగి, పాడిల్స్ తలకిందులయ్యాయి. రాడ్ ఉన్నచోటే ఉంది. అర్జియా గారు చప్పట్లు కొట్టడం కిటికీలోంచి కనపడింది.

రెండో మలుపూ అంతే. నూనె రాసినట్టు దాటాం. నాన్న చెంపల్లోకి రంగొచ్చింది. పెదాలు పాటకి సిద్ధమవుతున్నాయి.

మూడో మలుపు దాటగానే అమ్మ రాడ్ మీంచి చెయ్యి తీసేసింది. చేసంచీని రెండు చేతులతో పట్టుకుంది.

ఇంజను పెరిగింది. ఇంకా పెరిగింది. కుక్కర్ ఈల వేసినట్టు కేకపెట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా టోపీ తప్ప ఏమీ లేదు. నాన్న కుడి వేలు లేచింది, ఆగింది, ఎడమ వేలు లేచింది, అదీ ఆగింది.

"నీకు వినపడటం లేదని చెప్పు ఎర్మెస్," అంది అమ్మ.

"ఏంటి?"

"నీకు వినపడటం లేదని నాతో చెప్పమంటున్నాను."

నాన్న అద్దంలో నా వైపు చూశాడు. "ఏమంటోందే?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గొంతు చించుకుని అరిచాను. "నీకు వినపడటం లేదని చెప్పమంటోంది నాన్నా."

అది వినపడింది. నాన్న కుడి చెయ్యి చక్రం మీంచి తీసి, ఆ నల్ల వేలిముద్రల మీద పెట్టాడు.

"వినపడటం లేదు నివెస్," అన్నాడు. "పిట్టలు ఎప్పుడో పోయాయి. తర్వాత ఇంజను పోయింది. నీ గొంతు ఒక్కటీ మిగిలింది, అదీ పక్కన కూర్చుంటేనే. వెనక సీటు నుంచి అందదు. నువ్వు నాతో మాట్లాడటం మానేశావనుకున్నాను. ఆ భయంతోనే పాటలు పాడుకున్నాను."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "నేను మాట్లాడుతూనే ఉన్నాను కదయ్యా," అంది. అంత మెల్లగా అంటే, ఆ ఇంజను కేకలో ఆయన దాన్నెలా విన్నాడో నాకు తెలియదు. బహుశా పెదాలు చూసి ఉంటాడు.

ఆయన చెయ్యి మీద తన చెయ్యి వేసి, దాంతో కలిపి రాడ్ ముందుకి తోసింది. కారు కేక ఆపి ఊపిరి పీల్చుకుంది. ఇద్దరూ ఒకేసారి ఊఁ అన్నారు.

మిగిలిన మలుపుల్లో ఎవరు ముందు ఊఁ అంటున్నారో నేను లెక్కపెట్టలేదు. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకోవడంలో ఉన్నాను.

*

గుడి ముందు బల్లలు వేసి ఉన్నాయి. న్యోక్కో వేగుతున్న వాసన, చల్లటి లాంబ్రుస్కో వైను సీసాలు, చేతుల్లో ఫోర్కులతో జనం. కారు ఆగగానే లెయార్కో బాబాయ్ వచ్చి నాన్న వైపు కిటికీలోంచి లోపలికి వంగి, రబ్బరు బ్యాండ్ తీసి టోపీ విప్పాడు.

"మొదటి రెండు మలుపులూ వెన్న. చివరివన్నీ మీగడ," అన్నాడు అందరికీ వినపడేలా. "మధ్యలో మూడో మలుపు దగ్గరేమిటయ్యా ఆ రభస? అవతలి లోయలో ఆవులు పరిగెత్తాయి. ఏం చెవీ, వినపడలేదా నీకు?"

అందరూ నవ్వారు. ఊళ్లో అంతకంటే పెద్ద హాస్యం ఉండదు మరి, చెవి ఎర్మెస్‌కి వినపడకపోవడం. వంటాయన గరిటె ఊపి మరీ నవ్వాడు.

నాన్న నవ్వలేదు. మొహాలు వెతుక్కోలేదు కూడా. సరాసరి అమ్మ వైపు తిరిగాడు, ఏమడిగాడు అన్నట్టు.

ఏదో ఒకటి చెప్పి సర్దేస్తుందనుకున్నాను. ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే కదా. కారుదే లోపమనొచ్చు, మొరేనా కూతలు పెట్టి చెడగొట్టిందనొచ్చు, నేనూ ఒప్పుకునేదాన్ని. అమ్మ ఆయనకి ఎదురుగా మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి అంది.

"నీకు వినపడలేదా, అని అడుగుతున్నాడు."

నాన్న, బాబాయ్ చేతిలోని టోపీ తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. తలుపు తీసి దిగాడు. దిగినవాడు అక్కడే నిలబడిపోయాడు, తలుపు పట్టుకుని. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. లెయార్కో బాబాయ్ మొహంలో నవ్వు కూడా సగంలో ఆగి, ఎటు పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది.

నాన్న ఒకసారి వెనక్కి తిరిగి, చెప్పనా అన్నట్టు కారులోకి చూశాడు. అమ్మ గేర్ రాడ్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఊఁ," అంది.